కూత ఆగితే ఔట్

ఓడేట్టున్న జట్టుకు సాయంత్రం ఐదున్నర దాటాక ఎక్కడలేని పనులు గుర్తొస్తాయి. బౌలర్ బూటు లేసు ఊడుతుంది. బంతి సర్కారు తుమ్మ కంపల్లో పడితే, తేవడానికి అందరికన్నా మెల్లగా నడిచేవాడే బయల్దేరతాడు. కెప్టెన్ ప్రతి ఫీల్డర్‌నూ పిలిచి, నిలబడ్డ చోటే మళ్లీ నిలబెడతాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు సంక్రాంతికో ఎండాకాలం సెలవులకో టెన్నిస్ బాల్ మ్యాచ్ ఆడినవాళ్లకు ఇది కొత్త కాదు. లైట్లు లేని మైదానంలో గెలవలేనివాడికి చీకటే పన్నెండో ఆటగాడు.

అంపైర్‌గా నిలబడి నేను గమనించింది ఒకటుంది. గొడవపడితే లాభం సాగదీసేవాడికే. వాదనలో పోయిన ప్రతి నిమిషమూ వాడి లెక్కలోనే పడుతుంది.

మన ఊరి కబడ్డీకి ఈ జబ్బు తక్కువ. కూత ఆగితే ఔట్. ఎంతసేపు నాన్చాలన్నా ఊపిరి ఒప్పుకోదు. ఇప్పటి పోటీ కబడ్డీలో రైడ్‌కు 30 సెకన్లే. అయినా ఆధిక్యంలో ఉన్న జట్టు ఊరికే వెళ్లి ఊరికే రావచ్చు కదా! అందుకే వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. పాయింటు తేకపోతే రైడర్ ఔట్.

క్రికెట్‌లో ఆటగాణ్ని తొందరపెట్టే ఊపిరి లేదు. అందుకే ఐసీసీ 2023 డిసెంబరులో పురుషుల వన్డే, టీ20ల్లో స్టాప్ క్లాక్‌ను ప్రయోగాత్మకంగా పెట్టి, 2024 జూన్ నుంచి శాశ్వతం చేసింది. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య 60 సెకన్లు మించకూడదు. రెండు హెచ్చరికలు, ఆపైన 5 పరుగుల జరిమానా. బ్యాటర్ కావాలని ఆలస్యం చేసినా క్రికెట్ చట్టంలో ఒక హెచ్చరిక, తర్వాత 5 పరుగులే.

మనకు థర్డ్ అంపైర్ లేడు, గోడమీద గడియారం లేదు. అంపైర్ సెల్‌ఫోన్ చాలు. ఒక్కసారి చెప్పడం, రెండోసారి 5 పరుగులు వేయడం. జేబులో ఇంకో బంతి ఉంచుకోవడం. వెలుతురు పోతే మ్యాచ్ రద్దు కాకుండా, ఆగిన ఓవర్ దగ్గర రెండు జట్ల స్కోర్లూ పోల్చి ఫలితం చెప్పడం. దెబ్బ తగిలినా, పిచ్ మీదికి గొర్రెల మంద వచ్చినా ఆ సమయం ఎవరి ఖాతాలోనూ రాయొద్దు.

ఇదంతా టాస్‌కు ముందే తేల్చుకోవాలి. ఎవరిది పైచేయి అవుతుందో తెలియనప్పుడే ఇద్దరు కెప్టెన్లూ న్యాయంగా మాట్లాడతారు.