శిల ఎవరి కాలమునకు సాక్షి?

చారిత్రక రచనకు పూనుకొన్నవారికి శాసనము లభించినచో ఇక వేరు విచారణ అక్కరలేదన్న విశ్వాసము తెలుగున స్థిరపడినది. కాని శాసనము తాను పుట్టిన కాలమును గూర్చి పలుకునపుడు ప్రత్యక్ష సాక్షి. తన పుట్టుకకు పూర్వపు సంగతి పలుకునపుడు వినికిడి సాక్షి. ఈ భేదమును విస్మరించిన హాని యెట్టిదో బస్తరు చరిత్ర చూపుచున్నది.

రాయపూరు దేవేంద్ర నగరునుండి దక్షిణముగా సాగినచో బస్తరు సీమ చేరవచ్చును. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు అచ్చట రాజ్యము నెలకొల్పెననుట ప్రసిద్ధమైన కథ. దీనికి దంతేవాడలోని దిక్పాలదేవుని శాసనమును ఆధారముగా చూపుదురు. అది విక్రమ సంవత్సరము 1760, అనగా క్రీ.శ. 1703 నాటిది. సంఘటనకును సాక్ష్యమునకును నడుమ 380 ఏండ్లు గడచినవి. పైగా ఈ శిల కాకతీయులను సోమవంశీయులుగా, అర్జునుని సంతతిగా వర్ణించును. గణపతిదేవుని మోటుపల్లి శాసనము (1244) వారిని సూర్యవంశమున చేర్చినది. వారి కాలపు మరికొన్ని శాసనములు చతుర్థకులజులని చెప్పినవి. కనుక దంతేవాడ శిల 1703లో బస్తరు ఆస్థానము తన్ను గూర్చి ఏమి నమ్మినదో తెలుపు ప్రథమాధారము. సంస్కృతము చదువగలవారు అరుదైరని అదే విషయమును దేశభాషలోను చెక్కించుట ఆనాటి సమాజమునకు ప్రత్యక్ష సాక్ష్యము. పదునాలుగవ శతాబ్దమునకు మాత్రము అది వినికిడియే. ఇంతమాత్రమున అన్నమదేవుడు కల్పితుడని తీర్పు చెప్పరాదు. ఆయనను గూర్చి ఈ శిల ఒక్కటే చాలదనుట న్యాయము.

బారసూరు శాసనము వేరు తీరున బోధించును. సోమేశ్వరదేవుని పట్టమహిషి గంగమహాదేవి రెండు శివాలయములు కట్టించి, ఒక గ్రామమును దానమిచ్చిన సంగతి అందు కలదు. భాష తెలుగు. తేదీ శక సంవత్సరము 1130, అనగా 1208. ఇచట ఒక చిక్కు కలదు. సోమేశ్వరుని తల్లి గుండమహాదేవి వేయించిన నారాయణపాల శాసనము 1111 నాటికే అతని కుమారుడు కన్హరదేవుడు ఏలుచున్నట్లు తెలుపును. అట్లయిన ఈ సోమేశ్వరుడు మరియొకడు కావలెను, లేదా సంవత్సరపు అంకెలో పొరపాటు ఉండవలెను. ఏది నిజమైనను ఒక మాట నిలుచును: ఓరుగల్లు పడుటకు నూరేండ్లకు పూర్వమే నాగవంశీయుల బస్తరులో రాణి దానము తెలుగున చెక్కబడినది. తెలుగు అన్నమదేవుని వెంటనే బస్తరు చేరెనను తలంపు దీనితో తొలగిపోవును.

ఇట్టి పరీక్ష ఫిలిప్పీన్సు దేశమునందును జరిగినది. కలంతియావు ధర్మశాస్త్రమను పేర వెలసిన ఒక పత్రమును ప్రాచీన న్యాయవ్యవస్థకు నిదర్శనముగా దశాబ్దములపాటు బడిపుస్తకములు బోధించినవి. విలియం హెన్రీ స్కాట్ మూలాధారములను ఒక్కొక్కటిగా వెదకి, 1968లో ప్రకటించిన గ్రంథమున అది ఇరువదవ శతాబ్దపు కల్పనయని నిరూపించెను. జాతిగర్వమునకు అది దెబ్బ కాలేదు. 1989లో వెలుగు చూసిన లగూనా తామ్రశాసనము శక సంవత్సరము 822, అనగా క్రీ.శ. 900 నాటిది, ఒక కుటుంబము బంగారు రుణమునుండి విముక్తి పొందిన సామాన్య వృత్తాంతము. పూర్వము బడాయిగా చెప్పుకొన్న శాస్త్రముకంటె ఈ చిన్న రుణపత్రమే ఆ దేశమునకు పెద్ద గౌరవము తెచ్చినది.

తెలుగు చారిత్రక నవలాకారులు అన్నమదేవుని ప్రయాణమును ఊహించుటకు అడ్డు లేదు. ఊహ సాహిత్యమునకు హక్కు. పీఠికలో దానిని శాసనసిద్ధమని ప్రకటించుటకు మాత్రము హక్కు లేదు. శాసనమును ముందు ఉంచుకొన్న రచయిత రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది ఎప్పుడు చెక్కబడినది? చెక్కించినవారికి దానివలన కలిగిన ప్రయోజనమేమి? వీనికి సమాధానము దొరకిన వెనుకనే కథ ఆరంభమగుట మేలు.