కొనడం సగం, కుదుర్చుకోవడం సగం

1962లో కాలిఫోర్నియాలోని ఫెండర్ కంపెనీ తయారుచేసిన రెండు బేస్ గిటార్ల గురించి ఈ వాద్యం వాయించేవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకటి ప్రెసిషన్ బేస్. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్‌ది. రెండోది జాజ్ బేస్. ఫ్లోరిడాలో పెరిగిన జాకో పాస్టోరియస్‌ది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే పొడవు మెడ. అయినా రెండింటి నాదానికీ పోలికే లేదు.

జేమర్సన్ గిటారుకు పైచుట్టు నున్నగా ఉండే లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలుండేవి. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. తీగలు మెడకు బాగా ఎత్తులో ఉండేవి. తీగల కింది చివరన ఉండే బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క, మీటేది ఒక్క చూపుడువేలు. అందుకే ఆ స్వరం గుండ్రంగా పుట్టి వెంటనే ఆగిపోయేది. జాకో గిటారుకు అసలు మెట్లే, అంటే ఫ్రెట్లే, లేవు. వాటిని ఊడదీసింది తానేనా, ఊడదీసినదాన్నే కొన్నాడా అన్న సంగతి ఆయనే ఒక్కోసారి ఒక్కోలా చెప్పాడు. మెట్లు పోయిన గాడుల్లో పుట్టీ నింపి, గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు కర్రను కోసేయకుండా పైన పడవలకు వాడే ఎపాక్సీ పూత వేశాడు. ఆ గట్టి పూత మీద తీగ జారుతుంటే స్వరం గొంతెత్తి పాడినట్టు వస్తుంది. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ విని చాలామంది బేసిస్టులు తమ గిటార్ల మెట్లు పీకించుకున్నారు.

బేస్ గిటార్ కొందామనుకునేవాళ్లు ఈ రెండు గిటార్లనూ గుర్తుపెట్టుకోవాలి. దుకాణంలో మనం పోల్చి చూసేది కంపెనీ పేర్లను, కర్ర జాతిని, ధరను. చెవికి తేడాగా తగిలేది మాత్రం చాలావరకు తీగలు, వాటి ఎత్తు, మెడ వంపు, మీటే వేలు. వీటిలో ఏదీ ధర చీటీ మీద ఉండదు.

ఈ వాద్యం పుట్టింది అవసరం కోసమే. దీనికి ముందు వాడిన డబుల్ బేస్ మనిషంత ఎత్తుంటుంది, కారులో పట్టదు, డ్రమ్స్ మోగుతుంటే వినపడదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. మెట్లు ఉంటాయి కాబట్టి వేలు పెట్టగానే శ్రుతి కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. అంతకుముందు 1930ల్లోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ మెట్లున్న విద్యుత్ బేస్ చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. లియో పెట్టిన 34 అంగుళాల తీగ పొడవే నేటికీ ప్రమాణం. ఆయనకు గిటారు వాయించడం రాదు. వాయిద్యగాళ్లను పిలిపించి, వాళ్లు చెప్పిన లోపాలు విని సరిచేసేవాడు. నా లెక్కలో ఆయన గొప్పతనం అక్కడే ఉంది.

ఇవాళ మార్కెట్లో కనిపించే బేస్ గిటార్లలో ఎక్కువ భాగం మూడు నమూనాల సంతానమే. 1957లో ప్రెసిషన్‌కు, తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ రెండు ముక్కలుగా వచ్చింది, అది హమ్ శబ్దాన్ని తనలోనే రద్దు చేసుకుంటుంది. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు, మెడ పై చివర తీగలు ఆనే నట్ దగ్గర 38 మిల్లీమీటర్ల సన్నటి మెడ. రెండు పికప్‌లూ పూర్తిగా తెరిస్తే మధ్య స్థాయి శబ్దం కొంత తగ్గి, అడుగూ పైనా తేలుతాయి. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ శైలికి అది బాగా నప్పుతుంది. 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ తెచ్చిన స్టింగ్‌రేలో గిటారు లోపలే బ్యాటరీతో నడుస్తూ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ ఉంది. ఇలాంటి యాక్టివ్ గిటార్లలో చాలావాటికి కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం కాగానే కేబుల్ తీసేయండి. కచేరీ మధ్యలో గిటారు మూగబోతే ఆ సంగతి ఎలాగూ తెలుస్తుంది, ముందే చెబుతున్నాను.

ఈ మూడింటిలో ఏది మంచిది? గదిలో ఒక్కరే కూర్చుని వాయిస్తే స్టింగ్‌రే, జాజ్ బేస్ వెంటనే మనసు దోచుకుంటాయి. ప్రెసిషన్ కాస్త మొద్దుగా అనిపిస్తుంది. డ్రమ్స్, కీబోర్డు, ఇద్దరు గాయకులు చేరాక చూడండి. ఆ మొద్దు గొంతే పాట మధ్యలో తన చోటు తాను చూసుకుంటుంది, గదిలో మెరిసిన గొంతు కీబోర్డు కింద మునిగిపోతుంది. మన కోస్తా జిల్లాల చర్చి బృందాల్లోనో, కాలేజీ బ్యాండులోనో వాయించబోయే కుర్రాడు మొదటి గిటారు ఏది కొనాలని అడిగితే నేను ప్రెసిషన్ తరహాదే కొనమంటాను. చేతులు చిన్నవైతే జాజ్ బేస్ మెడ.

ఫోనులో డెమో వీడియోలు చూసి నిర్ణయించుకునేవాళ్లకు ఒక మాట. అన్నిటికన్నా లావైన నాలుగో తీగ ఖాళీగా మీటితే వచ్చే స్వరం సెకనుకు దాదాపు 41 కంపనాలు. ఫోను స్పీకరు అంత మంద్రాన్ని పలికించలేదు. పై అనుస్వరాలను, అంటే హార్మోనిక్స్‌ను బట్టి మన చెవి ఆ అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. అంటే ఏ గుణం కోసం గిటారు కొంటున్నామో ఆ గుణాన్నే వినకుండా ఎంచుకుంటున్నాం. ఇళయరాజా తెలుగు సినిమాలకు ఇచ్చిన పాటల్ని చాలామంది ఏళ్ల తరబడి చిన్న రేడియోల్లో విన్నారు. అవే పాటల్ని మంచి హెడ్‌ఫోన్లలో వింటే కింద బేస్ గిటార్ మరో రాగాలాపన చేస్తున్నట్టు తెలుస్తుంది. ఆ బేస్ మొదటినుంచీ పాటలో ఉన్నదే.

పోల్చడానికీ ఒక పద్ధతి ఉంది. రెండు గిటార్లకూ ఒకే రకం తీగలు, ఒకే వయసువి ఉండాలి. ఒకే యాంప్లిఫయర్, ఒకే నాబ్ స్థానాలు. అన్నిటికన్నా ముఖ్యం, రెండింటి వాల్యూమ్ సమానం కావాలి. కొంచెం గట్టిగా మోగినదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. యాక్టివ్ గిటార్లు దుకాణంలో సగం పందేలు గెలిచేది ఇలాగే. వీలైతే వాయించేవాడికి వీపు తిప్పి నిలబడి వినండి. ఆల్డర్ కర్ర, యాష్ కర్ర అని గంటలకొద్దీ వాదించుకునే మిత్రులు ఈ పరీక్ష దగ్గర తడబడతారు. కర్ర ప్రభావం లేదని కాదు, ఈ వరుసలో దాని స్థానం చాలా కింద.

పాత గిటారు కొంటుంటే ముందు దాని మెడ వైపు కన్ను పెట్టి, తుపాకీ గురి చూసినట్టు పొడవునా చూడాలి. వంపు పరవాలేదు, మెలిక ఉంటే వదిలేయాలి. మెడ లోపలి ఉక్కు కడ్డీ, అంటే ట్రస్ రాడ్, ఇంకా తిరుగుతోందో లేదో అడిగి తిప్పి చూపించమనండి. దాన్ని ఇప్పటికే చివరంటా బిగించేసి ఉంటే రేపు మీకు మిగిలేది ఏమీ లేదు. తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి మెట్టునూ ఓపిగ్గా పలికించాలి. అన్నిటికన్నా సన్నటి మొదటి తీగ మీద అయిదో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఎక్కడో ఒకచోట స్వరం త్వరగా చచ్చిపోవడం ఫెండర్ తరహా గిటార్లలో మామూలే. మెడ కర్ర అదే కంపనానికి ఊగి తీగ శక్తిని తాగేయడమే అందుకు కారణం. దాన్ని ఎంతవరకు భరించగలమన్నదే ప్రశ్న. పట్టీ తగిలించుకుని నిలబడి చేతులు వదిలేయండి, తల భాగం కిందికి వాలిపోతే రెండు గంటల కచేరీలో మీ ఎడమ చెయ్యి దాన్ని మోస్తూనే ఉంటుంది. నాబ్‌లు తిప్పితే గరగరమనడం చిన్న విషయం, క్లీనర్ స్ప్రేతో పోతుంది.

ఇక అసలు పని, గిటారును కుదర్చడం. మన వీణకు మేళం కట్టే పనివారు మైనంలో ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగా జరిపి శ్రుతి కుదురుస్తారు. బేస్ గిటార్ మెట్లు కర్రలోకి దిగగొట్టి ఉంటాయి, కదలవు. అందుకే శ్రుతి దిద్దుబాటంతా మెడ వంపుతోనూ బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిళ్లతోనూ చేయాలి. ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు జరిగింది తర్వాతిదాన్ని మారుస్తుంది కాబట్టి వరుస తప్పితే చేసిందంతా మళ్లీ చేయాలి.

మొదట కొత్త తీగలు వేసి పూర్తి శ్రుతిలో ఉంచాలి. నాలుగు తీగలూ కలిసి మెడను డెబ్బై ఎనభై కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడు లేకుండా కొలిచిన కొలత దేనికీ పనికిరాదు. తర్వాత మెడ వంపు. మొదటి మెట్టు దగ్గర తీగలన్నిటినీ నొక్కి పట్టే కాపో బిగించి, మెడ ఒంటికి కలిసే చోటి మెట్టు దగ్గర తీగను వేలితో నొక్కాలి. ఇప్పుడు తీగే స్కేలు బద్ద. ఏడు ఎనిమిది మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, ఒక విజిటింగ్ కార్డు మందమన్నమాట. ఊగే తీగ మధ్యలో ఎక్కువ చోటు కోరుకుంటుంది కాబట్టి మెడకు ఆ కాస్త లోతు అవసరం. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను కుడివైపు బిగించాలి, తక్కువైతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు, అంతకు మించొద్దు. కర్ర సర్దుకోవడానికి రాత్రంతా పట్టవచ్చు, మర్నాడు మళ్లీ కొలవాలి. బలవంతం చేస్తే కడ్డీ తెగుతుంది. ఆ మరమ్మతు ఖర్చు చవక గిటారు ధరను దాటిపోతుంది.

ఆ తర్వాతే యాక్షన్, అంటే తీగ ఎత్తు. ఇప్పటి ఫెండర్ గిటార్లకు కంపెనీ చెప్పే కొలత పదిహేడో మెట్టు దగ్గర లావు తీగల వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్నటి వైపు 2. అది మొదలుపెట్టడానికి ఒక చోటు మాత్రమే. మెత్తగా మీటేవాడు ఇంకా దించుకోవచ్చు. గట్టిగా లాగేవాడు దించితే తీగ మెట్లకు తగిలి బర్రుమంటుంది. యాక్షన్ ఎంత తక్కువుంటే గిటారు అంత గొప్పదని మన కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది. జేమర్సన్ గిటారు ఎత్తు చూస్తే వాళ్లు దాన్ని ముట్టుకోరు. వేలికి సుఖంగా ఉంటుంది నిజమే, కానీ తీగకు ఊగే చోటు తగ్గేకొద్దీ స్వరం పలచబడుతుంది. మొదటి నాలుగు మెట్ల దగ్గర మాత్రమే నొక్కడం కష్టంగా ఉంటే లోపం నట్ గాడులది. మూడో మెట్టు దగ్గర నొక్కి చూస్తే మొదటి మెట్టు మీద వెంట్రుకంత సందు కనపడాలి. నట్‌ను ఆకురాయితో అరగదీయడం మాత్రం తెలిసినవాళ్లకే వదలండి. ఎక్కువ అరిగితే కొత్త నట్ వేయాల్సిందే.

ఆ తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి సరిగా పలకడం. పన్నెండో మెట్టు మీద తీగను తాకీతాకనట్టు మీటితే వచ్చే అనుస్వరాన్ని, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరాన్ని ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి జరిపి తీగ పొడవు పెంచాలి, తగ్గుగా ఉంటే ముందుకు. తీగను నొక్కితే అది సాగి హెచ్చు పలుకుతుంది, తీగ లావయ్యేకొద్దీ ఆ హెచ్చు పెరుగుతుంది. అందుకే బాగా కుదిరిన గిటారులో శాడిళ్లు సన్న తీగ నుంచి లావు తీగకు ఏటవాలుగా వెనక్కి పోతాయి. పాత తీగల మీద ఈ పని చేయడం వృథా, మురికి పట్టి అరిగిన తీగ ఎక్కడా ఒకేలా పలకదు. ఆఖరున పికప్‌ల ఎత్తు. ఎక్కువ శబ్దం కావాలని వాటిని తీగల దాకా పైకి లేపితే అయస్కాంతం తీగను లాగి, స్వరం అపశ్రుతిలో వణుకుతుంది. కాస్త దించితే గొంతు విప్పారుతుంది.

ఇదంతా ఒకసారి చేసి మర్చిపోయేది కాదు. విజయవాడ, విశాఖల్లో మే నెల ఎండకీ ఆగస్టు తేమకీ మెడ కర్ర కుంచించుకుంటూ ఉబ్బుతూ ఉంటుంది. ఏసీ గదిలో పెట్టిన గిటారును ఉక్కపోతలో స్టేజి ఎక్కిస్తే గంటలో శ్రుతి కదులుతుంది. కాలం మారినప్పుడల్లా మెడ వంపు కొలుచుకోవడం మన వాతావరణంలో తప్పదు.

ఖరీదు సంగతి మిగిలింది. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు అమ్మేశాడు. అంతకుముందువి కావడమే గుణంగా ఆ కాలపు గిటార్లకు ఇప్పుడు పెద్ద ధర పలుకుతోంది. అది సేకరణ విలువ, నాదం విలువ కాదు. 1982లో జపాన్‌లో తయారైన ఫెండర్ వారి స్క్వయర్ గిటార్లు అమెరికా ఫెండర్‌కు దీటుగా ఉన్నాయని అప్పుడే పేరొచ్చింది. ఇప్పుడు ఇండోనేషియా, చైనా ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ యంత్రాలు కర్రను కోస్తున్నాయి. అందుకే చవక గిటార్లలో కూడా మెడలు తిన్నగానే వస్తున్నాయి. చవక గిటారులో కంపెనీ మిగుల్చుకునేది ఎక్కువగా పనివాడి సమయం. మెట్ల అంచులు నునుపు చేయడం, నట్ గాడులు కోయడం, కుదర్చడం. ఆ మిగిలిన పనికి మంచి గిటార్ మెకానిక్‌కు డబ్బిచ్చి చేయించుకుంటే మధ్యరకం గిటారు పై ధర గిటారుకు చాలా దగ్గరికి వస్తుంది.

ఇప్పటికే ఉన్న గిటారు నచ్చక కొత్తది కొనాలనుకుంటున్నారా? ముందు దానికి తీగలు మార్చి, పైన చెప్పిన వరుసలో కుదిర్చి ఒక నెల వాయించండి. అప్పటికీ కొనాలనిపిస్తే ఆ పాతదాన్ని వెంట తీసుకుని దుకాణానికి వెళ్లండి. రెండింటినీ ఒకే యాంప్‌లో, ఒకే వాల్యూమ్‌లో విన్నాకే పర్సు తీయండి.