కరవు, కూలి, కృప: తప్పిపోయిన కుమారుని ఉపమానం – తెలుగు పాఠ పరిశీలన

నేటి తెలుగు క్రైస్తవ ప్రసంగ భాషలో 'షరతులు లేని ప్రేమ' అన్న పదబంధం తరచుగా వినిపిస్తుంది. దైవప్రేమ లక్షణాన్ని క్లుప్తంగా చెప్పడానికి అది అనుకూలమైన మాటే. అయితే 'షరతు' దస్తావేజులకు, కౌలు కాగితాలకు చెందిన పదం. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి కచేరీ వ్యవహారంలో స్థిరపడింది. ప్రేమను ఒప్పందపు భాషలో నిలబెట్టి, ఆ తరువాత ఒప్పందాన్ని తొలగించినంత మాత్రాన ఆ ప్రేమ స్వరూపం బోధపడదు. లేనిది ఏ షరతు, దాన్ని ఎవరు ఎవరికి పెట్టబోయారు అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి. ఈ ప్రశ్నలకు క్రైస్తవ వాఙ్మయంలో అత్యంత స్పష్టమైన సమాధానం లూకా సువార్త 15వ అధ్యాయంలోని 'తప్పిపోయిన కుమారుడు' కథలో ఉంది. ఆ కథలో షరతు పెట్టేది తండ్రి కాదు. కొడుకులిద్దరూ చెరొక షరతుతో వస్తారు. చిన్నవాడిది కూలి, పెద్దవాడిది సేవ. తండ్రి రెంటినీ స్వీకరించడు. తెలుగు ప్రొటెస్టంటు సంఘాలలో తరతరాలుగా చదువుతున్న గ్రాంథిక బైబిలు పాఠం ఈ విషయాన్ని కొన్నిచోట్ల గ్రీకు మూలం కంటె పదునుగా పలికింది, కొన్నిచోట్ల మొద్దుబార్చింది.

లూకా సువార్త తెలుగు ముద్రణ చరిత్రలో తొలినాటిది. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన డెగ్రాంజ్, క్రాన్ అనువాదానికి పూనుకొన్నారు. ఆనందరాయర్ సహాయంతో సాగిన ఆ పని ఫలితంగా 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి మొదటి మూడు సువార్తలు వెలువడ్డాయి. నేడు వాడుకలో ఉన్న పాఠం ఆ తరువాతి అనువాదాల, సంస్కరణల ఫలితం. ఇక్కడ పరిశీలిస్తున్నది ఈ వాడుక పాఠాన్నే.

కథకు ముందు అదే అధ్యాయంలో రెండు చిన్న ఉపమానాలున్నాయి. నూరు గొఱ్ఱెలలో ఒకటి, పది నాణెములలో ఒకటి, ఆపైన ఇద్దరు కొడుకులలో ఒకడు. మూడింటిలోనూ నష్టాన్ని చెప్పడానికి గ్రీకు మూలం ఒకే క్రియాధాతువును వాడింది. తెలుగు దాన్ని రెండుగా విడదీసింది. ప్రాణమున్న గొఱ్ఱెకు, కొడుకుకు 'తప్పిపోవు'; ప్రాణం లేని నాణేనికి 'పోగొట్టుకొను'. తెలుగు నుడికారానికి ఇది సహజమే. కాని ఈ విభజన వల్ల అర్థం కొంత స్థానం మారింది. 'పోగొట్టుకొను' క్రియకు కర్త యజమాని, 'తప్పిపోవు' క్రియకు కర్త కనబడకుండా పోయిన ప్రాణి. గొఱ్ఱెల ఉపమానపు తొలి వాక్యంలో మూలం ప్రకారం గొఱ్ఱెను పోగొట్టుకొన్నది కాపరి. తెలుగులో గొఱ్ఱె తానై తప్పిపోయింది. పోయినదాని బాధ్యత వెదికేవాడిదా, పోయినదానిదా అన్న ప్రశ్న ప్రేమ సిద్ధాంతానికి కీలకమైనది. అనువాదం ఇక్కడ తెలియకుండానే ఒక పక్షానికి ఒరిగింది.

అలాగని 'తప్పిపోవు' తగని మాట కాదు. 'తప్పు' అన్న నామంతో దానికున్న చుట్టరికం వల్ల అందులో దోషపు ఛాయ ఉన్నమాట నిజం. అయినా జాతరలో పిల్లవాడు తప్పిపోయాడంటే తెలుగువారెవరూ పిల్లవాణ్ణి దోషి అనుకోరు. తల్లిదండ్రుల గుండెదడే ముందు మెదులుతుంది. ఆంగ్లంలో ఈ కథకు స్థిరపడిన పేరు కొడుకు దుబారాను ఎత్తిచూపుతుంది. తెలుగు పేరు అతని లేమిని చెబుతుంది. ఒక్క శీర్షికను మాత్రమే తూచవలసివస్తే తెలుగు శీర్షికే కథకు దగ్గరగా ఉందనాలి.

చిన్నకొడుకు తన వాటా అడిగి తీసుకొని దూరదేశం పోయాడు. అంతా ఖర్చు చేసుకొన్నాడు. అప్పుడు ఆ దేశంలో కరవు వచ్చింది. కథనంలో ఈ కరవును ప్రసంగకర్తలు చాలా వరకు దాటవేస్తారు, కాని కథ మలుపు తిరిగేది అక్కడే. పందుల మేతకైనా ఆశపడే స్థితిలో అతనికి గుర్తుకు వచ్చినది తండ్రి ముఖం కాదు, తండ్రి ఇంట కూలివాండ్రకు పుష్కలంగా దొరికే తిండి. మూలంలోని రొట్టెను తెలుగు పాఠం 'అన్నము' చేసింది. ఆ ఒక్క మాటతో కథ తెలుగు నేలమీద కాలు మోపింది. పాలస్తీనా రైతు ఇంటి రొట్టె కంటె కూలివాడికి కడుపునిండా అన్నం పెట్టే ఇల్లు అన్న ఊహే తెలుగు శ్రోతకు సూటిగా తగులుతుంది.

అదే వాక్యంలో ఉన్న మరో పదబంధం ఇంతకు విరుద్ధంగా పనిచేసింది. మూలంలో అతడు 'తనలోకి తాను వచ్చాడు'; తెలుగులో అతనికి 'బుద్ధి వచ్చింది'. బుద్ధి రావడం తెలుగులో దెబ్బ తిన్న తరువాతి మాట. పెద్దలు పిల్లలను, యజమానులు పనివారిని, ఊరు తప్పుచేసినవాణ్ణి ఉద్దేశించి అనే మాట. దానివల్ల కథలో లేని ఒక షరతు నుడికారం దారిన లోపలికి జొరబడింది: ముందు బుద్ధి రావాలి, ఆ తరువాతే ఇల్లు. మూలం చెప్పినది మాత్రం ఆకలితో ఉన్న మనిషి లెక్క వేసుకొన్నాడని. 'మారుమనస్సు' అన్న పదం ఈ అధ్యాయంలో గొఱ్ఱె కథ చివర, నాణెం కథ చివర వస్తుంది, కొడుకు కథలో ఒక్కసారీ రాదు. మనస్సు మార్చుకోగల శక్తి లేని గొఱ్ఱెకు, నాణేనికి ఆ మాట తగిలించి, ఆ శక్తి ఉన్న మనిషి దగ్గర దాన్ని వాడకపోవడంలో కథకుని చమత్కారం ఉంది. వ్యాఖ్యానాలలో అది తగినంతగా పట్టుబడలేదు.

కొడుకు చెప్పవలసిన మాటలను ముందే కూర్చుకొన్నాడు. పాపం చేశాను, కొడుకునని అనిపించుకోదగను, కూలివారిలో ఒకడిగా పెట్టుకో – ఇవి మూడు భాగాలు. మూడవది స్పష్టంగా ఒప్పందం. తిండికి పని, పనికి తిండి. తండ్రి ఎదుట మాత్రం మొదటి రెండు భాగాలే పలికాడు. కొన్ని ప్రాచీన గ్రీకు ప్రతులలో మూడవ భాగం ఇక్కడ కూడా కనిపిస్తుంది. ఆధునిక పరిష్కర్తలు దాన్ని లేఖకులు చేర్చినదిగా ఎంచి వదిలివేశారు. తెలుగు వాడుక పాఠంలోనూ అది లేదు. కూలి ప్రస్తావన నోటిదాకా వచ్చేలోపే తండ్రి పనివారి వైపు తిరిగి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. షరతు లేని ప్రేమ అంటే ఇక్కడ ఉన్న అర్థం ఇదే: అవతలివాడు తనకు తానై పెట్టుకోబోయిన షరతును కూడా పూర్తిగా చెప్పనీయకపోవడం.

ఈ వాక్యాల తెలుగు శ్రోతలెవరో గుర్తు చేసుకొంటే వాటి బరువు తెలుస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. చెప్పులు కుట్టే కులం అది. అయినా పై కులాల వీధుల్లో చెప్పులు విడిచి నడవవలసిన కట్టుబాటు తెలుగు పల్లెల్లో దళితులకు ఉండేది. తిరిగి వచ్చినవాని పాదాలకు యజమాని పనివారి చేత చెప్పులు తొడిగించిన కథ ఆ శ్రోతలకు అలంకారం కాదు.

1876–78 నాటి మహాక్షామాన్ని తెలుగువారు ధాత కరువుగా గుర్తుంచుకొన్నారు. ఆ కాలంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని కరువుపీడితులకు కూలి పని కల్పించాడు. ఆ పని జరిగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. తిండికోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదన్నది అతని ఆలోచన. క్షామ సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. క్లౌ జాగ్రత్తను తప్పుపట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు. అన్నానికీ విశ్వాసానికీ మధ్య లంకె పడితే ఆ నింద మోయవలసింది మిషనరీ కంటె ఎక్కువగా మతం మారినవారే. తరువాతి కాలంలో వారు దాన్ని మోశారు కూడా. అన్నం పెట్టడాన్ని అతడు ఆపలేదన్నది కూడా మరువరాదు. అయినా ఆ జాగ్రత్తను లూకా కథ పక్కన పెడితే ఒక వైరుధ్యం బయటపడుతుంది. కథలోని కొడుకు కరవు వల్లనే ఇంటిదారి పట్టాడు, కూలికోసమే వచ్చాడు. గుమ్మంలో ఎవరూ అతని ఉద్దేశశుద్ధిని పరీక్షించలేదు, కరవు తీరేదాకా ఆగమనలేదు. ఆకలి వల్ల వచ్చినవాడు నిజంగా వచ్చినవాడు కాడన్న తర్కం మతమార్పిడి చర్చల్లో ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. ఆ తర్కం చర్చి వెలుపలివారిది మాత్రమే కాదు, లోపలివారిది కూడా. దానికి ఈ ఉపమానంలో చోటు లేదు.

తెలుగు భక్తి పరిభాషలో ఈ భావానికి అంతకుముందే ఒక పేరుంది – నిర్హేతుక కృప. శ్రీవైష్ణవంలో దీనిపై దీర్ఘమైన వాదం నడిచింది. పిళ్ళై లోకాచార్యుల మార్గం వారు భగవత్కృపకు జీవుని వైపునుంచి ఏ హేతువూ అక్కరలేదన్నారు. తల్లి పిల్లి కూనను నోట కరచుకొని పోయినట్లు. వేదాంత దేశికుల మార్గం వారు కోతిపిల్ల తల్లిని పట్టుకొన్నట్లు జీవుని వైపు నుంచి కొంత పట్టు ఉండాలన్నారు. అది కృపకు కారణం కాకపోయినా వ్యాజం, అంటే మిష అవుతుంది. ఈ రెండు న్యాయాలను లూకా అధ్యాయానికి అన్వయిస్తే నాణెం పిల్లికూనకు సాటి. కొడుకు నడచి వచ్చాడు గనుక అతని నడకను వ్యాజమనవచ్చునా? అనవచ్చును. కాని వ్యాజానికి ఎంతో కొంత ఆభిముఖ్యం ఉండాలి. ఇతని నడక తండ్రి కోసం కాదు, అన్నం కోసం. పైగా అతడింకా దూరాన ఉండగానే తండ్రి చూచి పరుగెత్తాడు. క్షమాపణ మాట చెవిన పడకముందే కౌగిలి అయిపోయింది. రెండు మతాల సిద్ధాంతాలు ఒకటేనని దీనివల్ల తేలదు. శ్రీవైష్ణవంలో కృపకు శ్రీదేవి పురుషకారం, అంటే మధ్యవర్తిత్వం తోడు. ఈ కథలో తండ్రికీ కొడుకుకూ మధ్య సిఫారసు చేసేవారు ఎవరూ లేరు. అయినా 'షరతులు లేని' అన్న అరువు విశేషణం కంటె 'నిర్హేతుక' అన్నది ఎక్కువ పని చేస్తుంది. మొదటిది ఇచ్చేవాని నిబంధనలను మాత్రమే తీసివేస్తే, రెండవది పుచ్చుకొనేవాని అర్హతను, కారణాన్ని, చివరికి ఉద్దేశాన్ని కూడా లెక్కలోంచి తప్పిస్తుంది. కృప శబ్దాన్ని యథేచ్ఛగా స్వీకరించిన తెలుగు క్రైస్తవ పరిభాష ఈ విశేషణాన్ని మాత్రం ఎందుకు పక్కన ఉంచిందన్నది వేరుగా పరిశోధించదగినది.

తండ్రి పరుగుకు ముందున్న 'కనికరపడు' అన్న క్రియ గురించి ఒక మాట. మూలంలోని క్రియ పేగులకు సంబంధించిన పదం నుంచి పుట్టింది. తెలుగులో పేగుబంధం, కడుపుతీపి తల్లికి చెప్పే మాటలు. కనికరం మెట్టు మీద నిలబడినవాడు కిందివానిపై చూపేది. ఆ మాట ఎన్నుకోవడంతో తండ్రి యజమానిగానే మిగిలాడు. ఆ క్షణంలో అతడు తల్లి అయ్యే అవకాశం తెలుగులో ఉండి కూడా జారిపోయింది.

పెద్దకొడుకు ఘట్టంలో తెలుగు తన శక్తిని చూపింది. గ్రీకులో సోదరవాచకం ఒక్కటే; పెద్దా చిన్నా భేదం మాటలో ఉండదు. తెలుగు వాడుకలో అన్న, తమ్ముడు అని విడదీసి చెప్పడమే సహజం. పెద్దవాడు తండ్రితో మాట్లాడుతూ వచ్చినవాణ్ణి 'నీ కుమారుడు' అంటాడు, తనకు సంబంధం లేనట్లు. తండ్రి సమాధానంలో 'నీ తమ్ముడు' అన్న మాట పడుతుంది. మూలంలో అది బంధుత్వాన్ని గుర్తుచేయడం. తెలుగులో దానితోపాటు అన్నగా నీ బాధ్యత ఏమిటన్న ప్రశ్న కూడా వినబడుతుంది. అనువాదకులకు ఇది భాష ఉచితంగా ఇచ్చిన వరం.

పెద్దవాడి ఫిర్యాదులోని క్రియకు మూలంలో దాస్యం అన్న అర్థం. తెలుగు 'సేవించు' దానికి భక్తి పరిమళం అద్దింది. ఊడిగం అని ఉంటే అతని లోపలి లెక్క బయటపడేది. ఇన్నేళ్లు ఇంట ఉండి అతడు కూడా కూలివాడుగానే బతికాడు. చిన్నవాడు అడగబోయిన ఉద్యోగం పెద్దవాడు ముందునుంచీ చేస్తూనే ఉన్నాడు. కోపంతో లోపలికి రానన్న అతని దగ్గరకు తండ్రి బయటికి వచ్చి 'బతిమాలుకొన్నాడు'. తెలుగులో బతిమాలడం తక్కువవాడు ఎక్కువవాని ముందు చేసే పని. ఇంటి యజమాని, వయసు మళ్ళినవాడు, కన్నకొడుకును బతిమాలుకొన్నాడన్న వాక్యం వినగానే తెలుగు శ్రోతకు కలిగే ఇబ్బందే ఈ కథ ఉద్దేశించిన ఇబ్బంది. చిన్నవాని కోసం పరుగెత్తడంలో తండ్రి గౌరవం ఎంత పోయిందో, పెద్దవాని కోసం వాకిట నిలబడడంలోనూ అంతే పోయింది.

ఆ వాకిటి సంభాషణలో తండ్రి తన ఆనందాన్ని సమర్థించుకొన్న తీరు గమనించదగినది. నా ఇష్టం అనలేదు. సంతోషించడం 'యుక్తమే' అన్నాడు. రోమా పత్రికలో కృపకు జోడుగా వచ్చే 'ఉచితముగా' అన్న మాటకు తెలుగులో వెల లేనిదని అర్థం. సంస్కృతంలో ఉచితమంటే తగినది. పెద్దకొడుకు కొట్లాట అంతా ఏది తగును అన్నదాని మీదనే. తగినదీ వెల లేనిదీ ఈ ఇంట ఒకటేనని తండ్రి అంటున్నాడు. ఆ మాట విని పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు.