మగవేషంలో మధురవాణి

మధురవాణి గురించి రాసేవాళ్లు చాలామంది ఒకే మాట దగ్గర వచ్చి ఆగుతారు: పైకి వేశ్య, లోపల బంగారం. వినడానికి బాగుంటుంది, పరీక్షలో రాస్తే మార్కులూ పడతాయి. కానీ అందులో ఒక తిరకాసుంది. పైపొర ఒలిచేస్తే లోపల అసలు మనిషి దొరుకుతుందనీ, ఆ మనిషి మనబోటి పెద్దమనుషులు మెచ్చే రకమేననీ ఆ మాట ముందే తీర్మానించేసుకుంటుంది. ‘కన్యాశుల్కం’ తెరిచి చూస్తే గురజాడ మనల్ని అంత సుఖంగా వదిలిపెట్టలేదు.

గిరీశం సంగతైతే ఈ పైకీ-లోపలా లెక్క చక్కగా కుదురుతుంది. నోట్లో సంస్కరణ, వితంతు వివాహం, ఇంగ్లీషు. జేబులో పూటకూళ్లమ్మని మోసం చేసి తెచ్చిన డబ్బు. మొదటి అంకం ముగిసేలోపే ఆ సరుకు మనకి తెలిసిపోతుంది. రామప్పంతులూ అంతే, చదువు తక్కువ, గొప్పలు ఎక్కువ. మధురవాణి దగ్గర ఈ లెక్క పనిచెయ్యదు. ఆమె అమ్మేదే పైమెరుగు. కొనేవాళ్లకీ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. వేషం వేస్తున్నానని దాచని మనిషిని పట్టుకుని ముసుగు తీస్తాననడం కొంచెం హాస్యాస్పదం. కాబట్టి ఆమె “నిజంగా” ఎలాంటిది అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎవరికి అబద్ధం చెప్తోంది, అప్పుడు ఆమెకేమనిపిస్తోంది అని అడిగితే నాటకం ఇంకోలా కనిపిస్తుంది.

కరటకశాస్త్రి తన మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి అమ్మెయ్యకుండా ఆపాలనుకుంటాడు. శిష్యుడికి ఆడవేషం కట్టి, వాణ్ణే పెళ్లికూతురుగా అంటగట్టాలని పన్నాగం. మధురవాణి చెయ్యి వెయ్యకపోతే ఆ బండి కదలదు. రామప్పంతులు ఇంట్లో ఉంటూనే రామప్పంతుల్ని ఆడిస్తుంది. మంచి పనే, అనుమానం లేదు. కానీ ఆ సీన్లలో ఆమె మాటల తీరు చూడండి. అందులో జాలి కన్నా హుషారు పాలు ఎక్కువ. చేతిలో మంచి ముక్కలు పడ్డ పేకాటరి హుషారు అది. సుబ్బిని ఆమె కళ్లతో చూసింది కూడా లేదు. ఒక పిల్లని కాపాడటం, ఒక మూర్ఖుణ్ణి ఆడించడం అనే రెండు సంతోషాల్లో ఏది ముందో ఏది వెనకో నాటకం తేల్చి చెప్పదు.

పైగా దానికి ఖర్చుంది. మన వ్యాసాలు గబగబా దాటేసే చోటు ఇదే. “పెళ్లికూతురు” మాయమయ్యాక లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. ముసలాడు పిసినారి, కామి, తిట్టదలుచుకుంటే ఎన్నయినా తిట్టొచ్చు. కానీ హంతకుడు కాదు. ఆ ప్రమాదంలోకి అతన్ని నెట్టింది మంచివాళ్లు ఆడిన అబద్ధం. నిజం చెప్తే తన మెడకి చుట్టుకుంటుందని కరటకశాస్త్రి జంకుతాడు. అప్పుడు కదిలేది మధురవాణే.

1955 సినిమాలో సావిత్రిని చూసి పుస్తకానికి వచ్చినవాళ్లకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆ కళ్లు చూశాక మధురవాణి ఏం చేసినా క్షమించెయ్యాలనిపిస్తుంది. పుస్తకంలోని మధురవాణి క్షమాపణ అడిగే రకం కాదు.

చివరి అంకంలో ఆమె మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. ఆయన వకీలు, నిజాయితీపరుడు, యాంటీ-నాచ్. ‘కన్యాశుల్కం’ తొలిసారి విజయనగరంలో ఆడింది 1892లో. మద్రాసు ప్రెసిడెన్సీలో భోగంమేళాల మీద సంస్కర్తలు కత్తి కట్టిన రోజులవి. సౌజన్యారావు గిరీశం లాంటి దొంగ సంస్కర్త కాదు, ఆయన లోపలా బయటా ఒకటే. చిక్కు కూడా అక్కడే. వేశ్య మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి గనక, అమాయకుణ్ణి కాపాడే నిజం గుమ్మంలోకి నడిచొచ్చినా అది మగబట్టలు కట్టుకుని వస్తే తప్ప లోపలికి రానివ్వలేడు. నాటకంలో మొదటి మారువేషం మగపిల్లాడికి చీర కట్టి అబద్ధం పుట్టించింది. రెండోది ఆడదానికి పంచె కట్టి నిజం చెప్పిస్తుంది. ఆ కాలపు స్టేజీ మీద ఆడపాత్రలు మగవాళ్లే వేసేవారు, తర్వాత స్థానం నరసింహారావు ఈ పాత్రకి పేరు తెచ్చుకున్నాడు. అంటే ఆ సీనులో ప్రేక్షకుడు చూసింది ఆడవేషంలో ఉన్న మగవాడు మగవేషం వేసుకోవడం! ఎక్కడ ఒలవడం మొదలుపెడతారు?

ఆమె నిజం ఊరికే చెప్పదు. ముద్దు వెల కడుతుంది. ఒకవైపు ఆయన నియమం, ఇంకోవైపు మరొకరి ప్రాణం. ఆయన్ని ఆ రెంటి మధ్యా వేలాడదీస్తుంది. ఇది క్రూరం. ఆమె మీద ప్రేమకొద్దీ మనం ఆ మాట అనం గానీ, గిరీశం ఇదే బేరం పెట్టి ఉంటే ఏమనేవాళ్లం? నా ఉద్దేశంలో ఆమె వచ్చింది ముసలాణ్ణి కాపాడటానికి ఎంతో, తనలాంటి వాళ్లని చూడనన్న మనిషిని దగ్గర్నుంచి చూడటానికీ అంతే. తీరా ఆయన ఒప్పుకున్నాక తనే వెనక్కి తగ్గుతుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది. గమనించండి, ఆ నీతి ఆమెకి సంస్కర్తల దగ్గర్నుంచి రాలేదు. భోగం ఇంట్లో, వృత్తితో పాటే నేర్చుకుంది. “పైకి వేశ్య, లోపల బంగారం” అన్న సూత్రం సరిగ్గా ఇక్కడే విరిగిపోతుంది. ఆమె మంచితనం ఆమె వేశ్యాత్వం కింద ఎక్కడో దాక్కుని లేదు, అందులో నుంచే వచ్చింది. 1897 కూర్పుని గురజాడ 1909లో తిరగరాసినప్పుడు ఈ పాత్ర బాగా పెరిగింది. సంస్కరణ కోసమే రాశానన్న నాటకంలో ఆయన అందరికంటే తెలివైన మాటలు సంస్కర్తకివ్వకుండా ఈమెకిచ్చాడు.

సౌజన్యారావు ఆమెకి భగవద్గీత ఇస్తాడు. పుచ్చుకుంటూ ఆమె, ఈ కృష్ణుడు కూడా భోగంవాళ్లకి వ్యతిరేకమేనా అన్న అనుమానం బయటపెడుతుంది. అది భక్తా, వేళాకోళమా? కాగితం మీద నాకు రెండూ వినిపిస్తాయి. స్టేజీ మీద మాత్రం నటి గొంతు ఏదో ఒకవైపు ఒరగక తప్పదు. నాటకం ఎక్కడ ఆడినా నేను చెవులు రిక్కించేది ఆ ఒక్క మాట దగ్గరే.