నాలుగు రౌండ్ల లెక్క

అగ్నివీర్ నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తిగా 60 మార్కులు వస్తాయి. 31వ సెకనులోకి అడుగుపెడితే 48 మాత్రమే. ఒక్క సెకను ఆలస్యం 12 మార్కులను మింగేస్తుంది. మిగిలిన 40 మార్కులు బీమ్ మీద తీసే పుల్‌అప్స్‌కి. తొమ్మిది అడుగుల కందకం దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ మీద నడవడం గట్టెక్కితే చాలు, వాటికి మార్కులు లేవు. తెలుగునాట చెరువు కట్టల మీద, కాలేజీ గ్రౌండ్లలో తెల్లవారకముందే పరుగెత్తే వందలాది కుర్రాళ్ల కష్టమంతా ఈ టైమింగ్ కోసమే.

400 మీటర్ల ట్రాక్ మీద 1,600 మీటర్లంటే నాలుగు రౌండ్లు. ఐదున్నర నిమిషాలంటే 330 సెకన్లు, రౌండుకు 82.5 సెకన్లు. ఇంకా విడదీస్తే ప్రతి వంద మీటర్లకూ 20 సెకన్ల పైచిలుకు. ఆరోగ్యంగా ఉన్న ఏ పద్దెనిమిదేళ్ల కుర్రాడైనా వంద మీటర్లను ఆ వేగంతో తేలిగ్గా పరుగెత్తగలడు. అంటే అతనికి కొరవడింది వేగం కాదు. ఆ వేగాన్ని పదహారు వందలు వరసగా నిలబెట్టే దమ్ము.

ఆ దమ్ము ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియక చాలామంది రోజూ ఒకటే పని చేస్తారు: గ్రౌండ్‌కి రావడం, వాచీ నొక్కడం, నాలుగు రౌండ్లూ ప్రాణం పెట్టి పరుగెత్తడం. మొదటి నెలలో టైమింగ్ తగ్గుతుంది. తర్వాత ఆరు నిమిషాల దగ్గరో, ఐదు నిమిషాల యాభై సెకన్ల దగ్గరో ఆగిపోతుంది. ఎంత మొండిగా పరుగెత్తినా కదలదు. ఇది చేతగానితనం కాదు, సాధన పద్ధతిలోని లోపం. ఐదున్నర నిమిషాల పరుగుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ సాయంతోనే పుడుతుంది. ఆ సరఫరా చాలనప్పుడు కండరం ఆక్సిజన్ లేకుండా శక్తిని తీస్తుంది. అప్పుడే తొడలు బరువెక్కి పిక్కలు బిగుస్తాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెరిగితే, కండరాల్లో సన్నని రక్తనాళాలు దట్టమైతే ఆ ఇబ్బంది మొదలయ్యే క్షణం వెనక్కి జరుగుతుంది. ఈ మార్పులు వారాలు, నెలల మీద వస్తాయి. వాటికి పునాది వేసేది నెమ్మది పరుగు.

నెమ్మది పరుగు వేగాన్ని పెంచుతుందంటే నమ్మడం కష్టమే. న్యూజీలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల పరుగువీరుడు పీటర్ స్నెల్ చేత కూడా వారానికి దాదాపు 160 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు. స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం, 1964 టోక్యోలో 800, 1500 రెండింటి స్వర్ణాలూ గెలిచాడు. ర్యాలీకి సిద్ధమయ్యేవాడికి అంత దూరం అక్కర్లేదు. వారంలో రెండు మూడు రోజులు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా ఐదారు కిలోమీటర్లు చాలు.

ఆ పునాది మీద వేగాన్ని నిలబెట్టేది ముక్కల పరుగు. దీనికి అన్నిటికన్నా చక్కటి ఉదాహరణ ర్యాలీ దూరానికి తొమ్మిది మీటర్లే ఎక్కువైన మైలు పరుగులోనే ఉంది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తి, నాలుగు నిమిషాల గోడను తొలిసారి దాటాడు. అప్పటికి అతను వైద్య విద్యార్థి, సాధనకు దొరికే సమయం తక్కువ. పావు మైలు చొప్పున పదిసార్లు, మధ్య రెండు నిమిషాల విరామంతో పరుగెత్తేవాడు. ఒక్కో పావు మైలు సమయాన్నీ నెలల తరబడి తగ్గిస్తూ 61 సెకన్లకు తెచ్చాక అది అక్కడే మొరాయించింది. అప్పుడు పరుగు మానేసి స్నేహితుడితో స్కాట్లండ్ కొండలెక్కడానికి వెళ్లాడు. కొన్ని రోజుల విరామం తర్వాత వచ్చి పరుగెత్తితే 59 సెకన్లు పడింది.

ఇదే లెక్క ఇక్కడా పనిచేస్తుంది. ఇప్పుడు 6 నిమిషాల 10 సెకన్లలో ముగించేవాడికి రౌండు 92.5 సెకన్లు పడుతోంది. అతను 88 సెకన్ల చొప్పున 400 మీటర్లను ఆరుసార్లు, మధ్య రెండు నిమిషాలు నడుస్తూ చేయాలి. మొదటి ముక్కకూ చివరి ముక్కకూ ఒకే సమయం పడుతున్నప్పుడు మాత్రమే 86కి, తర్వాత 84కి దిగాలి. ఇది వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. పూర్తి 1,600 మీటర్లకు వాచీ పట్టడం రెండు వారాలకోసారి చాలు.

విశ్రాంతిని సోమరితనంగా చూసే అలవాటు ఎంతోమందిని ర్యాలీకి ముందే కుంటివాళ్లను చేసింది. తారు రోడ్డు మీద, అరిగిన బూట్లతో దూరాన్ని ఒక్కసారిగా పెంచితే మోకాలి కింద ముందెముక పొడవునా నొప్పి మొదలవుతుంది. దాన్ని నొప్పి మాత్రతో అణిచి పరుగెత్తితే ఎముకలో సన్నటి చీలిక దాకా పోవచ్చు. మట్టి నేల మేలు. వారంలో ఒక పూర్తి సెలవు, ర్యాలీకి ముందు వారం సగం సాధన, రాత్రి నిండు నిద్ర తప్పనిసరి.

ర్యాలీలో పరుగు గుంపుగా మొదలవుతుంది. ఈల వినగానే అందరూ ఉరుకుతారు. ఆ ఊపులో మొదటి రౌండును 70 సెకన్లలో తీసినవాడు 12 సెకన్లు సంపాదించినట్టు కనిపిస్తాడు, మూడో రౌండులో అంతకు మించి పోగొట్టుకుంటాడు. మొదటిది 80కి తగ్గకుండా ఉంటే మూడో రౌండులో కాళ్లు మాట వింటాయి. మలుపుల్లో గుంపుకు వెలుపలగా పరుగెత్తడం ఇంకో నష్టం. లోపలి గీతకు ఒక మీటరు ఎడంగా ఉంటే రౌండుకు 6 మీటర్లకు పైగా, నాలుగు రౌండ్లకు 25 మీటర్లు అదనం. ఆ వేగంలో అది ఐదు సెకన్లు! దాటాలనుకుంటే నేరుగా ఉన్న భాగంలోనే దాటాలి. ముక్కుతోనే ఊపిరి తీయాలన్న సలహా ఈ వేగానికి సరిపోదు. నోరూ ముక్కూ రెండూ తెరిచి గాలి తీసుకోవాల్సిందే.

పరుగు గెలిచినవాళ్లు తర్వాత బీమ్ కింద నిలబడాలి. పది పుల్‌అప్స్ తీస్తేనే 40 మార్కులూ. ఇంటి దగ్గర తాజాగా ఉన్నప్పుడు పన్నెండు తీసేవాడికి పరుగు తర్వాత ఏడు దగ్గరే చేతులు జారిపోవచ్చు. అందుకే ముక్కల పరుగు పూర్తయిన రోజున, ఆయాసం పూర్తిగా తీరకముందే, బీమ్ పట్టుకోవడం కూడా సాధనలో భాగం కావాలి.