రోజుకో మిల్లీమీటరు

వరి కోసేవాళ్లు కుడిచేత కొడవలి పట్టి ఎడమచేత్తో మొదళ్లు ఒడిసిపడతారు. అందుకే కొడవలి జారిందంటే దెబ్బ ఎడమ చేతికే తగులుతుంది. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో కోత మిషన్లు తిరుగుతున్నా, మిషన్ దిగని చిన్న మడుల్లో, గెట్ల వెంట పచ్చిగడ్డి కోసే చోట కొడవలి పని తప్పలేదు. అడవి అంచు ఊళ్లు కాబట్టి గొడ్డలి పని కూడా ఉంటుంది. మణికట్టు దగ్గర తెగితే రక్తం ఆగదు. పక్కనున్నవాళ్లు తువ్వాలు బిగించి కట్టి, బండి ఎక్కించుకుని, దగ్గర్లో కుట్లు వేసేవాళ్లు ఎవరుంటే వాళ్ల దగ్గరికి పరుగెత్తుతారు. కుట్లు పడతాయి, ధనుర్వాతం సూది పడుతుంది, పది రోజులకు కుట్లు విప్పుతారు. గాయం చక్కగా మానిందని అందరూ ఊపిరి పీల్చుకునే వేళకు, చిటికెన వేలు మొద్దుబారిందని ఆ మనిషి మెల్లగా చెబుతాడు.

పైన తోలు అతుక్కుంది. లోపల నరం తెగి అలాగే ఉంది.

నిజానికి ఆ సంగతి మొదటి రోజే తెలుసుకోవచ్చు. దానికి స్కానింగ్ అక్కర్లేదు, అర నిమిషం చాలు. మత్తు సూది వేయకముందే రోగిని కళ్లు మూసుకోమని చెప్పి, చిటికెన వేలి కొసను, చూపుడు వేలి కొసను, బొటనవేలి వెనక తోలును దూదితో తాకి చూడాలి. చేతిలోకి వచ్చే మూడు ముఖ్యమైన నరాలకు ఈ మూడు చోట్లు గుర్తులు. తరవాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, లాగుతుంటే గట్టిగా పట్టుకోమనాలి. చిటికెన వేలి వైపు నరం తెగినవాడు బొటనవేలి కొసను వంచి కాగితాన్ని నొక్కిపెట్టాలని చూస్తాడు. మత్తు ఎక్కాక ఇవేవీ పనికిరావు. అప్పుడు మొద్దుబారింది మందుకో, తెగిన నరానికో ఎవరూ చెప్పలేరు.

చిన్నపిల్లలైతే స్పర్శ ఉందో లేదో సరిగా చెప్పలేరు. వాళ్ల కోసం ఒక ఉపాయం ఉంది. నాట్లు వేసే ఆడవాళ్ల వేళ్లు బురదనీళ్లలో నాని సాయంత్రానికి ముడతలు పడటం పల్లెల్లో అందరూ చూసేదే. ఆ ముడతలు పడాలంటే ఆ వేలికి నరం పనిచేస్తూ ఉండాలి. నరం తెగిన వేలు గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచినా నున్నగానే ఉంటుంది. ఓరియన్ అనే ఐరిష్ డాక్టరు 1973లో ఈ పరీక్షను వైద్యలోకం ముందు పెట్టారు. ఇది పచ్చి గాయంతో ఉన్న చేతికి చేసేది కాదు, గాయం మానాక అనుమానం తీర్చుకోవడానికి చేసేది.

తెగిన నరంలో ఏం జరుగుతుందో మొదట కళ్లారా చూసినవాడు ఆగస్టస్ వాలర్. 1850లో ఆయన కప్ప నాలుకకు వెళ్లే నరాలు కోసి, రోజు తరవాత రోజు మైక్రోస్కోపు కింద చూశాడు. కోతకు అవతల, నాలుక వైపున్న భాగం కొద్ది రోజుల్లోనే ముక్కలై పోయింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. నరపు పోగుకు ప్రాణం పోసే కణం వెన్నుపాములోనో దాని పక్కనో ఉంటుంది. దానితో సంబంధం తెగిన భాగం బతకలేదు. ఇవతలి భాగం మాత్రం చావదు. పోగు కొస నుంచి కొత్త మొలకలు బయల్దేరతాయి. దారి వెతుక్కుంటూ సాగే ఆ మొలక కొసను స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ 1890లో వర్ణించాడు.

దారి చూపేవి ష్వాన్ కణాలు. మామూలు రోజుల్లో అవి పోగు చుట్టూ కొవ్వు పొరలు చుట్టుకుని ఉంటాయి. నరం తెగగానే ఆ పని మానేసి, రూపం మార్చుకుని, శిథిలాలను తొలగించే పనిలో పడతాయి, రక్తం నుంచి వచ్చే కణాలు వాటికి తోడవుతాయి. తరవాత వరసగా బారులు తీరి, పోగును పెంచే రసాయనాలను విడుదల చేస్తాయి. పాకాల చెరువు ఆయకట్టులో వేసవిలో నీళ్లు లేకపోయినా కాలువ గట్లు నిలిచి ఉంటే, తూము ఎత్తగానే నీరు పాత దారినే పడుతుంది. ఖాళీ అయిన నరపు గొట్టాలు పోగులకు ఇచ్చే సాయం అటువంటిదే. మెదడులో, వెన్నుపాములో ఈ ఏర్పాటు లేదు. అందుకే వెన్నుపాము తెగితే తిరిగి అతకదు, చేతి నరం అతుకుతుంది.

అయితే రెండు కొసలూ ఎదురెదురుగా ఉంటేనే. మధ్యలో ఖాళీ ఉంటే మొలకలు దారి దొరక్క అక్కడే చిక్కుపడి గడ్డ కడతాయి. ఆ గడ్డను ముట్టుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. సర్జన్లు మైక్రోస్కోపు కింద వెంట్రుకకన్నా సన్నని నైలాన్ దారంతో నరం పైపొరను కుట్టేది ఆ కొసలను కలపడానికే. కుట్టు మీద లాగుడు పడకూడదు. ఆలస్యమైతే తెగిన కొసలు వెనక్కి ముడుచుకుంటాయి, మచ్చ కడుతుంది. అప్పుడు పిక్క వెనకాల ఉండే ఒక స్పర్శ నరాన్ని తీసి మధ్యలో అతకాల్సి వస్తుంది. దాని ఖరీదుగా పాదం బయటి అంచు మొద్దుబారుతుంది.

కుట్టాక నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఎంత మంచి సర్జనైనా ఈ వేగాన్ని పెద్దగా మార్చలేడు. మణికట్టు నుంచి వేలి కొసకు చేరడానికి అయిదారు నెలలు. మోచేతి దగ్గర తెగితే అరచేతిలోని చిన్న కండరాలను చేరేసరికి ఇంచుమించు ఏడాది. బైకు మీద నుంచి పడి మెడ పక్కన నరాల గుత్తి తెగిన కుర్రాడి విషయంలో అరచేయి దాకా రెండేళ్ల దారి. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర లోపు మళ్లీ నరాన్ని అందుకునే శక్తిని చాలావరకు కోల్పోతుంది. రెండేళ్లకు పోగు చేరినా అక్కడ అందుకునేదేమీ మిగలదు. అందుకే అలాంటి కేసుల్లో సర్జన్లు పక్కనున్న నరంలోంచి కొన్ని పోగులు తీసి కండరానికి దగ్గరగా కలుపుతారు. మోచేయి వంగడానికి ఈ పద్ధతిని ఫ్రెంచి సర్జన్ ఓబెర్లిన్ 1994లో ప్రచురించాడు.

ఈ లెక్క చూశాక గంగారం నుంచి జిల్లా కేంద్రం మానుకోటకు, అక్కణ్నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, ఆపైన హైదరాబాద్‌కు ఉన్న దూరం వేరే రకంగా కనిపిస్తుంది. బస్సులో పట్టే గంటల వల్ల నరానికి పెద్ద నష్టం లేదు. నష్టమంతా ‘కొన్నాళ్లు చూద్దాం, అదే తగ్గుతుంది’ అనుకుంటూ గడిపే నెలల వల్లే.

కొన్నిసార్లు అదే తగ్గుతుందన్న మాట కూడా నిజమే, గందరగోళం అక్కడే వస్తుంది. మిరప ఏరడానికో, కలుపు తీయడానికో గంటల తరబడి గొంతుక్కూచుని పనిచేసినవాళ్లకు మోకాలి బయట ఎముక దగ్గర నరం నలిగి, లేచేసరికి పాదం పైకి లేవదు. అక్కడ నరం తెగలేదు, పోగుల చుట్టూ ఉన్న కొవ్వు పొర మాత్రమే దెబ్బతింది. అది చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పిరుదు మీద తప్పు చోట వేసిన సూది తొడ వెనక పెద్ద నరానికి తగిలితే మాత్రం అంత తేలిగ్గా పోదు. కొవ్వు పొర నలగడం, లోపలి పోగులు తెగడం, నరం మొత్తం తెగడం అని బ్రిటిష్ సర్జన్ సెడన్ 1943లో చేసిన మూడు తరగతుల విభజన నేటికీ డాక్టర్లకు పనికొస్తోంది. కత్తి, కొడవలి, గాజు ముక్క చేసిన గాయం కింద స్పర్శ పోయిందంటే, నరం తెగిందనే అనుకుని తెరిచి చూడాలి. ఆగి చూడటం దెబ్బకు నలిగిన నరాలకు సరిపోతుంది. వాటికి కూడా మూడు నెలల్లో మార్పు లేకపోతే సర్జన్ చూడాల్సిందే.

కరెంటుతో చేసే నరాల పరీక్ష కూడా తొందరపడి చేయిస్తే తప్పుదారి పట్టిస్తుంది. తెగిన నరం అవతలి ముక్కను కరెంటుతో తట్టితే మొదటి రెండు మూడు రోజులు కండరం ఇంకా అదురుతుంది. మూడు వారాలు దాటాక చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది.

స్పర్శ ఎలా తిరిగొస్తుందో తెలుసుకోవాలని లండన్ డాక్టరు హెన్రీ హెడ్ 1903 ఏప్రిల్‌లో తన ఎడమ ముంజేతి నరాన్నే కోయించుకుని కుట్టించుకున్నాడు. తరవాత నాలుగేళ్లకు పైగా వారాంతాల్లో కేంబ్రిడ్జి వెళ్లి, కళ్లు మూసుకుని చెయ్యి చాపి కూర్చునేవాడు. మిత్రుడు రివర్స్ దూదితో, సూదితో, చల్లని, వేడి గొట్టాలతో తాకి రాసుకునేవాడు. మొరటు నొప్పి, చలి, వేడి ముందు వచ్చాయనీ, సున్నితమైన స్పర్శ చాలా ఆలస్యంగా వచ్చిందనీ 1908లో ఇద్దరూ ప్రకటించారు. దాని మీద వాళ్లు కట్టిన సిద్ధాంతాన్ని తరవాతివాళ్లు ఒప్పుకోలేదు. కానీ ఆ ఓపిక ముందు ఎవరైనా తల వంచాల్సిందే.

మన దగ్గర మొద్దుబారిన చేతిని కాపాడే విద్య ఎక్కువగా కుష్ఠు ఆసుపత్రుల్లో పెరిగింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి, కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవి 1958లో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం ఆ కోవలోవే. కుష్ఠు సూక్ష్మజీవి నరంలో చేరి కాపురం పెట్టేది ఈ ష్వాన్ కణాల్లోనే. దారి చూపాల్సినవే దెబ్బతింటే నరం కోలుకోవడం కష్టం. స్పర్శ పోయి ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే నరం దక్కే అవకాశం ఎక్కువ. వేళ్లు రోగంతో ఊడిపోవడం లేదనీ, నొప్పి తెలియక కాలి, తెగి, పుండ్లు పడి పోతున్నాయనీ వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో నిరూపించాడు.

కొడవలి గాయం వాళ్లకూ అదే జాగ్రత్త కావాలి. నరం పెరిగే నెలల్లో ఆ చెయ్యి పొయ్యి మీది గిన్నెను పట్టకూడదు. చెమట పట్టని తోలు ఎండి పగులుతుంది కాబట్టి రోజూ నీళ్లలో నానబెట్టి నూనె రాయాలి. కీళ్లు బిగుసుకోకుండా రెండో చేత్తో వేళ్లు చాపుతూ ఉండాలి. పోగులు ఎంతవరకు వచ్చాయో డాక్టరు వేలితో తట్టి చూస్తాడు. తట్టిన చోట కరెంటు కొట్టినట్టు కొసకు పాకితే అక్కడిదాకా వచ్చినట్టు. ఆ చోటు నెలనెలా ముందుకు జరగాలి. స్పర్శ వచ్చాక కూడా ఉంగరం వేలిని తాకితే చిటికెన వేలిని తాకినట్టుంటుంది, ఎందుకంటే కొన్ని పోగులు దారి తప్పి పక్క గొట్టాల్లో దూరి ఉంటాయి. కళ్లు మూసుకుని మక్కలు, పెసలు, పత్తి గింజలు వేళ్లతో గుర్తుపట్టడం రోజూ సాధన చేస్తే మెదడు ఆ కొత్త దారులకు అలవాటు పడుతుంది. పిల్లలు పెద్దలకన్నా త్వరగా నేర్చుకుంటారు.

ఊళ్లో మొదట చూసినవాళ్లు పెద్దాసుపత్రికి రాసి పంపే చీటీలో ‘ఎడమ మణికట్టు గాయం, కుట్లు వేశాం’ అని రాస్తే సర్జన్‌కు ఏమీ తెలియదు. ఏ తేదీన, దేనితో తెగింది, మత్తుకు ముందు ఏ వేలికి స్పర్శ లేదు, కాగితం పట్టడానికి బొటనవేలి కొస వంచాడా లేదా అన్న నాలుగు ముక్కలు చేరిస్తే సర్జన్ ఆ వారమే నరం తెరిచి చూడగలడు.