బాణామతిని ఒప్పుకునే బోధ

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేన్లల్ల కూలికి పోయే మాల, మాదిగ వాడల్లోని ప్రార్థన కూటాల్లో మేమూ కూసున్నం. బాణామతి సైతాను పని, యేసు నామంలో పోతదని బోధ. మంత్రగానికి పెట్టే ఖర్చు తప్పుతదన్న మాట నిజమే. కాని ఈ బోధ బాణామతి లేదనదు. ఉన్నదని ఒప్పుకొని అంతకన్న పెద్ద శక్తిని చూపుతది. ఇగ 'చేసినోడెవడు?' అనే ప్రశ్న బతికే ఉంటది. తెలంగాణ పల్లెల్లో పండ్లు ఊడగొట్టింది, మనుషులను సజీవంగా కాల్చింది ఆ ప్రశ్నతోనే. అనుమానం దళితున్ని దళితుని మీదికే ఉసిగొల్పుతది.

నిర్గమకాండం 22:18 ఎత్తిచూపే బోధకులు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయమూ చదవాలె. ఎఫెసులో మాంత్రికులు 50,000 వెండి రూకల విలువైన తమ పుస్తకాలను తామే కాల్చుకున్నరు, పక్కింటోళ్లను కాల్చలేదు.

ఇదే జిల్లాలో 1915లో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని స్థాపించిన మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్, జనం శాపమనుకున్న రోగానికి మందు ఇచ్చింది. అదీ క్రైస్తవమే. మన వాడలకు ఆ వారసత్వం కావాలె. జ్వరమొస్తే దవాఖానకు నడువుండ్రి, పక్కింటిని అనుమానించకుండ్రి అని చెప్పని బోధలో విముక్తి ఎక్కడిది?